పిల్లర్ల ఇల్లు, రింగు కొస

"మాది పిల్లర్ల ఇల్లే కదా మేడం, మాకేం భయం?"

మహారాష్ట్ర కొసన, గోదావరి ఒడ్డున ఉన్న మా సిరొంచలో ఈ మాట నాకు కొత్త కాదు గానీ, 2024 డిసెంబర్ 4 తర్వాత మరీ ఎక్కువైంది. ఆ బుధవారం పొద్దున 7:27కి ములుగు అడవుల కింద భూమి కదిలింది. తీవ్రత 5.3. పటం మీద గీత గీస్తే మా ఊరికి సుమారు 50 కిలోమీటర్లు. ఇక్కడ అల్మారాల్లో గిన్నెలు గలగలమన్నాయి, మంచాలు ఊగాయి, పిల్లల్ని చంకనేసుకుని జనం రోడ్ల మీదికి వచ్చారు. కాసేపు నిలబడి, హైదరాబాద్‌లో చుట్టాలకు ఫోన్లు చేసుకుని, ఎవరి ఇళ్ళకు వాళ్ళు పోయారు. గోడలు చూసుకుంటే పగుళ్ళు లేవు. ఇక మన ఇళ్ళు భూకంపానికి ఆగినయి అన్న ధీమా ఊరంతా పాకింది.

ఆ ధీమా చూస్తేనే నాకు గుబులు. నేను ఇక్కడే పుట్టాను. చంద్రపూర్‌లో సివిల్ డిప్లొమా చేసి, సిరొంచ, అహేరి తాలూకాల్లో, అప్పుడప్పుడు వంతెన దాటి కాళేశ్వరం వైపు కూడా, ఇళ్ళ ప్లాన్లు గీస్తూ సైట్లు చూసుకుంటున్నాను. మా బాపు సెంట్రింగ్ పని చేసేవాడు. కాబట్టి స్లాబు కింద ఏముంటుందో, పిల్లరు లోపల ఏం దాక్కుంటుందో చిన్నప్పటి నుంచీ చూస్తున్నదాన్నే. ములుగు భూకంపం మన ఇళ్ళకు పరీక్ష కానే కాదు. అది 40 కిలోమీటర్ల లోతున పుట్టింది, పైకి వచ్చేసరికి దాని జోరు తగ్గింది. 1993లో లాతూర్ జిల్లా కిల్లారిని నేలమట్టం చేసిన భూకంపం తీవ్రత 6.2. అంకెల్లో తేడా ఒకటి కూడా లేదు, కానీ విడుదలైన శక్తి లెక్కన అది ములుగు దానికి 20 రెట్లకు పైమాట. పైగా నేలకు దగ్గరగా పుట్టింది.

కిల్లారి సంగతి మహారాష్ట్రలో పెరిగిన ఎవరికీ చెప్పక్కర్లేదు. సెప్టెంబర్ 30 తెల్లవారుజామున, గణపతి నిమజ్జనం చేసి అలసిపోయి పడుకున్నవాళ్ళు పడుకున్నట్టే పోయారు. ఆ రోజుకు భూకంప పటంలో లాతూర్ ప్రాంతం అన్నిటికంటే తక్కువ ప్రమాదం ఉన్న మొదటి జోన్‌లో ఉంది. తర్వాత పటాన్నే మార్చాల్సి వచ్చింది. 2002 పటంలో ఆ ప్రాంతం మూడో జోన్‌కు చేరింది, మొదటి జోన్ అన్నదే లేకుండా పోయింది. అక్కడ కూలినవి ఎక్కువగా బండరాళ్ళను మట్టితో పేర్చిన లావుపాటి గోడల ఇళ్ళు, వాటి మీద మట్టి కప్పులు. దాన్ని చూసి మరాఠ్వాడా నుంచి మా దాకా జనం నేర్చుకున్న పాఠం ఒక్కటే: రాతి ఇల్లు వద్దు, పిల్లర్ల ఇల్లు కట్టు. అది సగం నిజం. మిగతా సగం ఏడేళ్ళు దాటాక గుజరాత్‌లో బయటపడింది.

2001 జనవరి 26 పొద్దున 8:46కి కచ్ఛ్‌లో 7.7 తీవ్రతతో భూకంపం వచ్చింది. 13 వేల మందికి పైగా చనిపోయారు. నన్ను వదలకుండా వెంటాడేది అందులో అహ్మదాబాద్ వంతు. ఆ నగరం భూకంప కేంద్రానికి 200 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది. అక్కడ కూలినవి మట్టి ఇళ్ళు కావు, సిమెంటు పిల్లర్లతో కట్టిన అపార్ట్‌మెంట్లు. కింద కార్ల కోసం ఖాళీగా వదిలి, పైన నాలుగు నుంచి పది అంతస్తులు వేసినవి. సబర్మతి ఒండ్రు నేల మీద ఉన్నవాటికి దెబ్బ ఎక్కువ తగిలింది. అహ్మదాబాద్ అప్పుడూ మూడో జోనే. గోదావరి లోయ వెంట భద్రాచలం, రామగుండం మీదుగా సాగే పట్టీ కూడా 2002 పటంలో మూడో జోనే, మేమున్నది అందులోనే. 1969 ఏప్రిల్‌లో భద్రాచలం దగ్గర వచ్చింది ఈ పట్టీలోనే, మొన్న ములుగులో వచ్చిందీ ఇందులోనే.

ఈ లోయ మామూలు లోయ కాదు. కోట్ల ఏళ్ళ కింద రెండు పక్కల పగుళ్ళ మధ్య నేల కుంగి ఏర్పడింది. ఆ కుంగిన గుంతలో పేరుకున్న పొరల్లోవే ఇవాళ్టి సింగరేణి బొగ్గు, మా తాలూకాలో కోట, వడధం దగ్గర దొరికే రాక్షసబల్లుల ఎముకలు, రాయైపోయిన చెట్లు. పిల్లలకు వడధం చూపించడానికి పోయినప్పుడు ఈ పగుళ్ళ సంగతి కూడా చెప్పండి. ఆ పాత గాట్లు ఇప్పటికీ అప్పుడప్పుడు జరుగుతూనే ఉంటాయి.

సరే, పిల్లర్ల ఇల్లు ఎందుకు పడుతుంది?

భూకంపంలో ఇంటిని పక్క నుంచి ఎవరూ తోయరు. పునాది కింద నేల జరుగుతుంది, పైన ఉన్న స్లాబులు, గోడలు, నీళ్ళ ట్యాంకు తమ బరువు కొద్దీ ఉన్నచోటే ఉండిపోవాలని చూస్తాయి. ఆ గుంజులాట మొత్తం మధ్యలో ఉన్న పిల్లర్ల మీద పడుతుంది. మామూలు రోజుల్లో పిల్లరు పని నిలువుగా బరువు మోయడం. ఆ రోజు మాత్రం మోస్తూనే అటూ ఇటూ వంగాలి. మూడంతస్తుల ఇల్లు ఒకసారి అటుపోయి ఇటు రావడానికి పట్టేది సుమారు 0.3 సెకను. నేల 20 సెకన్లు గట్టిగా కదిలిందంటే పిల్లరు 60 సార్లకు పైగా వంగి లేవాలి. అన్నిటికంటే ఎక్కువ వంగేది పిల్లరు పై కొస, కింది కొస, బీము పిల్లరును కలిసే చోటు.

పెద్ద కుదుపుకు చిన్న పగులు కూడా రాకుండా ఇల్లు కట్టాలంటే మనలో ఎవరి తాహతూ చాలదు. అందుకే మన కోడ్, అంటే ఇల్లు ఎలా కట్టాలో చెప్పే దేశ ప్రమాణాల పుస్తకం, వేరే దారి పట్టింది. సాగే గుణం ఉండేలా శ్రద్ధగా ఇనుము అల్లితే, ఇంటి మీదికి రాగల బలంలో ఐదో వంతుకే డిజైన్ చేసుకోమంది. మిగతా నాలుగు వంతులు సలాకలు సాగడంలో, కాంక్రీటు అక్కడక్కడ పగలడంలో ఖర్చయిపోతాయి. అంటే పెద్ద భూకంపంలో మంచి ఇల్లు కూడా పగులుతుంది, పగలాలి. లోపలివాళ్ళు బతికి బయటికి రావాలి, అంతే లెక్క. మామూలుగా అల్లిన ఫ్రేముకు, అంటే పిల్లర్లు బీముల చట్రానికి, ఆ బలాన్ని మూడో వంతు కంటే కిందికి తగ్గించుకునే వీల్లేదు. అసలు మూడో జోన్‌లో అలాంటి ఫ్రేము కట్టకూడదని 2016 కోడ్ తేల్చి చెప్పింది. మా తాలూకాలో కడుతున్న ఇళ్ళలో ఎన్ని ఆ నియమానికి నిలుస్తాయో తలచుకుంటే నాకు రాత్రి నిద్ర పట్టదు.

ఆ సాగే గుణం ఎక్కడి నుంచి వస్తుందని అడిగితే, నేను ముందు రింగు చూపిస్తాను.

పిల్లరులో నిలువు సలాకల చుట్టూ వేసే ఎనిమిది ఎం.ఎం. చుట్టును మేము రింగు అంటాం. ఇల్లు కట్టించేవాళ్ళు నిలువు సలాకలు లెక్కపెడతారు, పన్నెండుదా పదహారుదా అని అడుగుతారు, ఏ కంపెనీదో చూస్తారు. రింగు కొస ఎటు తిరిగిందో చూసినవాళ్ళు నాకు ఇంతవరకు తగల్లేదు.

నాతో చాలా సైట్లలో పనిచేసే రాడ్ బెండింగ్ మేస్త్రి ఒకాయన ఉన్నాడు. నేను కాకా అంటాను, ఆయన నన్ను బిడ్డా అంటాడు. మందపాటి టేకు చెక్కకు లావు మేకులు దిగగొట్టిన బల్ల ఆయనది. సలాకను మేకుల మధ్య పెట్టి, ఇనుప పిడితో ఒక్క గుంజు గుంజితే మూల తిరుగుతుంది. నాలుగు మూలలు తిప్పి, చివర రెండు కొసలు కలిసే చోట తొంభై డిగ్రీలకు వంచి వదిలేస్తాడు. చేతిలో గడియారం ఉన్నట్టు ఒకే తాళంలో రింగులు పడుతుంటాయి.

"కాకా, కొసలు ఇంకా లోపలికి తిరగాలె. నూట ముప్పై ఐదు."

"తొంభై సరిపోతది బిడ్డా. ఎన్నేండ్ల సంది గిట్లనే వంచుతున్న. ఏ ఇల్లు పడ్డది చెప్పు?"

ఏదీ పడలేదు. పడగొట్టేంత కుదుపు మా ఊరికి ఇంకా రాలేదు కాబట్టి పడలేదు. ఈ మాట కోడ్ పుస్తకం చూపించి చెబితే ఆయనకు ఎక్కదు, ఎక్కాల్సిన అవసరమూ లేదు. కాకా వయసులో ఉన్నప్పుడు అడవిలో వెదురు నరికే కూపుల్లో పనిచేశాడు. అందుకని వెదురు మోపు కట్టే తీరు అడిగాను. తాడు చుట్టి కొసను పైపైన దోపితే ఏమవుతది? "లారీ మీద ఇసిరితే కట్టు జారుతది, గడలన్నీ ఇచ్చుకుంటయి." మరి ఎట్ల కడతవ్? "కొసను లోపలి గడల నడుమకు దోపాలె. మోపు ఎంత అదిరితే అంత బిగుస్తది." అన్నాక ఆయనే బల్ల వైపు చూశాడు.

పిల్లరులో జరిగేది సరిగ్గా అదే. గట్టిగా పదిసార్లు వంగేసరికి రింగు బయట ఉన్న 40 ఎం.ఎం. కవర్ కాంక్రీటు పెచ్చులుగా రాలిపోతుంది. తొంభై డిగ్రీల కొసను పట్టుకుని ఉన్నది ఆ కవరే. అది రాలగానే కొస విప్పుకుంటుంది, రింగు నోరు తెరుస్తుంది. నిలువు సలాకలు బయటికి ఉబ్బుతాయి, మధ్యలో కాంక్రీటు పిండిపిండిగా జారిపోతుంది, పిల్లరు పొట్టిదైపోతుంది, పై స్లాబు కింది స్లాబు మీద కూర్చుంటుంది. 2023 ఫిబ్రవరిలో టర్కీలో అంతస్తులన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు పడిపోయిన ఫొటోలు చూసే ఉంటారు. విరిగిన పిల్లర్ల దగ్గర తీసిన ఫొటోల్లో ఈ తెరుచుకున్న రింగులే కనిపిస్తాయి. కొసను 135 డిగ్రీలకు తిప్పి, 65 ఎం.ఎం. అంటే సుమారు రెండున్నర అంగుళాలు, పిల్లరు గుండెలోకి పంపితే కవర్ రాలినా అది లోపలి కాంక్రీటులో పాతుకుని ఉంటుంది. రింగు విప్పుకోదు. పిల్లరు దెబ్బతింటుంది, బరువు మాత్రం వదలదు.

కాకా చెప్పిన అసలు ఇబ్బంది కూడా వినాలి, అది బద్ధకం కాదు. కొసలు లోపలికి తిరిగి ఉంటే, సలాకలు నిలబెట్టాక రింగును పక్క నుంచి తొడగడం కుదరదు, పై నుంచి ఒక్కొక్కటీ దింపాలి. కాబట్టి పిల్లరు గూడును నేల మీదే పడుకోబెట్టి, రింగులన్నీ ముందే ఎక్కించి, బైండింగ్ వైరుతో కట్టి, ఆ తర్వాత నలుగురు లేపి నిలబెట్టడం అలవాటు చేసుకున్నాం. ఇప్పుడు కాకా చేతి కింద కుర్రాళ్ళకు వేరే పద్ధతి తెలియదు. నాకు అంతకంటే సంతోషం లేదు.

రింగుల ఎడం సంగతి. మా దగ్గర కింది నుంచి పై దాకా ఎనిమిది అంగుళాలకొకటి కట్టుకుంటూ పోతారు. వంగేది కొసల దగ్గరైతే రింగులు కావాల్సింది కూడా కొసల దగ్గరే. అడుగుకు అడుగు పిల్లరనుకోండి. పైనా కిందా 450 ఎం.ఎం. మేర, అంటే అడుగున్నర, 75 ఎం.ఎం.కొకటి పడాలి. మూడంగుళాలు. నడుమ 150కి ఒకటి. పిల్లరులో బీము దూరే ముడి దగ్గర కూడా దగ్గర దగ్గరగా రింగులు ఉండాలి. ఆ ముడిలోనే చాలామంది మొత్తానికే ఎగ్గొడతారు, ఎందుకంటే నాలుగు వైపుల నుంచి బీము సలాకలు వచ్చాక అక్కడ చెయ్యి దూరదు. బీములు అల్లకముందే ఆ రింగులు వేసి పైకి జరిపి ఉంచుకుంటే సరిపోతుంది.

దీనికి అయ్యే ఖర్చు నా నోట్‌బుక్‌లో ఎప్పుడూ ఉంటుంది, అడిగిన ప్రతివాళ్ళకూ అదే పేజీ తీసి చూపిస్తాను. అడుగు పిల్లరుకు ఒక రింగు, కొసలతో కలిపి సుమారు 1.06 మీటర్ల సలాక. ఎనిమిది ఎం.ఎం. సలాక బరువు మన పాత సూత్రం ప్రకారం 64ను 162తో భాగిస్తే మీటరుకు 0.395 కిలో. రింగుకు 0.42 కిలో. ఒక అంతస్తులో ఒక పిల్లరుకు, ముడితో కలిపి, మామూలుగా వేసేదానికంటే 16 రింగులు అదనం అనుకోండి, 6.7 కిలోలు. 12 పిల్లర్లు, రెండంతస్తులు: 160 కిలోలు. కిలో 60 రూపాయల చొప్పున వేసుకున్నా పది వేలు దాటదు. బీముల్లో పిల్లరు పక్కన ఒత్తుగా వేసే రింగులకు ఇంకొంత. టైల్స్ షాపులో ఒక గది ఫ్లోరింగ్ డిజైన్ మార్చుకుంటే అంతకంటే ఎక్కువ అవుతుంది.

ఇంకో రోగం, సలాకల ల్యాపులు, అంటే అతుకులు. స్లాబు పడగానే రెండడుగుల సలాకలు పైకి వదిలి, పై అంతస్తు సలాకలను సరిగ్గా స్లాబు మీదే వాటి పక్కన పెట్టి కట్టేస్తారు. పిల్లరు ఎక్కువగా వంగే కింది కొసలోనే అతుకు పడిందన్నమాట. అతుకు పిల్లరు నడిమి సగంలో ఉండాలి. అలా రావాలంటే స్లాబు మీద సుమారు ఐదడుగుల సలాక నిలబడాలి. "అంత సలాక గాలికి వంగుతది మేడం, సెంట్రింగోళ్ళకు అడ్డం" అంటారు. వంగుతుంది, నిజమే. పైన రెండు రింగులు కట్టి ఉంచితే వంగదు. ఊళ్ళో సగం డాబాల మీద "రేపు పైన వేసుకుంటం" అని వదిలిన పొట్టి సలాకలు ఏళ్ళ తరబడి తుప్పు పట్టి ఎర్రగా నిలబడి ఉంటాయి. వాటికి అతికి లేపిన పై అంతస్తు మీద నాకు నమ్మకం లేదు.

సలాక కొనేటప్పుడు దాని గ్రేడు 500 పక్కన డి అక్షరం ఉందో లేదో చూడండి. తెగే ముందు ఎంత సాగాలో చెప్పే అంకె డి ఉన్నదానికి కనీసం 16 శాతం, లేనిదానికి 12. షాపులో రెండూ పక్కపక్కనే ఉంటాయి.

బీము, పిల్లరులో ఏది ముందు లొంగాలి? బీమే. ఒక బీము కొస దెబ్బతింటే ఆ గది వరకే నష్టం. పిల్లరు పోతే దాని మీద ఉన్నవన్నీ పోతాయి. కోడ్ లెక్కన ముడి దగ్గర పిల్లర్ల బలం బీముల బలానికి కనీసం 1.4 రెట్లు ఉండాలి. మా దగ్గర కథ తలకిందులు. గదిలోకి మూల పొడుచుకు రావద్దని పిల్లరును గోడలో కలిసిపోయే తొమ్మిదంగుళాలకు తగ్గిస్తారు, బీమును మాత్రం అడుగున్నర లోతు పోస్తారు. బీరువా పెట్టుకునే మూల చక్కగా రావాలని ఇంటావిడ అడుగుతుంది, నేను ప్రతిసారీ ఓపికగా కూర్చుని మాట్లాడతాను. పిల్లరు ఏ వైపూ అడుగుకు తగ్గకూడదన్న చోట మాత్రం నేను మెత్తబడను. అలాగే బీము అడుగు సలాకలు. మామూలు బరువుకు పిల్లరు దగ్గర బీము పై భాగం లాగబడుతుంది కాబట్టి, అడుగు సలాకలను పిల్లరు దాకా తీసుకురాకుండా కోసేసేవాళ్ళున్నారు. భూకంపంలో ఆ లాగుడు క్షణానికోసారి కిందికీ పైకీ మారుతుంది. అడుగు ఇనుము పిల్లరు ముఖం దగ్గర పై ఇనుములో కనీసం సగమన్నా ఉండాలి, చివరి పిల్లరులోకి దిగి వంకీ తిరగాలి.

ఇక అన్నిటికంటే నాకు దిగులు పుట్టించేది, ఇదే ఊళ్ళో ఇప్పుడు జోరుగా జరుగుతున్నది.

2022 జులైలో గోదావరి, ప్రాణహిత కలిసి పొంగినప్పుడు మా తాలూకా ఊళ్ళకు ఊళ్ళు మునిగాయి. అది చూసినవాళ్ళు ఇప్పుడు ఇల్లు కట్టుకుంటే ముందు అడిగేది ఎత్తు. కింద ఎనిమిది తొమ్మిది అడుగులు పిల్లర్లు లేపి, ఖాళీగా వదిలి, ఆ పైన ఇల్లు. వరదకు అది తెలివైన పని, ఒప్పుకుంటాను. భూకంపానికి మాత్రం అదే అహ్మదాబాద్ కట్టుబడి. పైన ఇటుక గోడలున్న అంతస్తు పెట్టెలా గట్టిగా ఉంటుంది, కింద పిల్లర్లు ఒంటరిగా ఉంటాయి. కదలిక మొత్తం ఆ కింది తొమ్మిదడుగుల్లోనే పోగవుతుంది. 1997 మేలో జబల్‌పూర్‌లో 5.8 తీవ్రతకే ఇలా కింద ఖాళీగా వదిలిన భవనాల పిల్లర్లు బాగా దెబ్బతిన్నాయి. మెయిన్ రోడ్డు మీద షట్టర్ల దుకాణాలు కూడా ఇదే కోవలోకి వస్తాయి, వెనక ఒక్క గోడ, మిగతా మూడు వైపులా షట్టర్లు. గోడ ఒక్క పక్కనే ఉంటే ఇల్లు ఊగడంతో పాటు మెలి కూడా తిరుగుతుంది, ముందు వైపు పిల్లర్లు రెట్టింపు బాధ పడతాయి.

నది ఒడ్డున మా మేనమామ కడుతున్న ఇంటి దగ్గర ఈ సంగతి మీద చాలా సాయంత్రాలు వాదన నడిచింది.

"గోడ కడితే నీళ్ళు ఆగుతయి బిడ్డా. నీళ్ళు ఆగితే గోడతోని పాటు ఇల్లు గూడ పోతది. నేను కండ్లతోని చూసిన."

"అడ్డం కట్టమంటలేను మామా. నీళ్ళు ఎటు పోతయో అటే కడదాం."

ఆయన చెప్పింది అక్షరాలా నిజం, వరద నీటికి అడ్డంగా గోడ పెట్టకూడదు. కాబట్టి నీళ్ళు పారే దిక్కుకు సమాంతరంగా, ఇంటికి రెండు చివరలా ఒక్కో కాంక్రీటు గోడ పెట్టాం. ఆరంగుళాల మందం కోడ్ ఒప్పుకునే కనీసం, మేము ఎనిమిది వేసుకున్నాం. పునాది నుంచి లేచి పైదాకా పోతాయి, మధ్యలో ఆగవు. నీళ్ళు వాటి మధ్య నుంచి పోతాయి, ఆ దిక్కున ఇల్లు ఊగకుండా అవి పట్టుకుంటాయి. రెండో దిక్కుకు కూడా కావాలి కదా. దానికి మెట్లు ఇంటి నడుమకు తెచ్చి, వాటికి అటో చిన్న గోడ, ఇటో చిన్న గోడ వేశాం. అడ్డంగా పడింది ఆ మెట్ల వెడల్పు మాత్రమే. ఒక పక్కకు ఎక్కువా ఒక పక్కకు తక్కువా కాకుండా సమానంగా చూసుకున్నాం. వరదకు పునాది చుట్టూ ఇసుక కోసుకుపోతుంది కాబట్టి ఫుటింగులు, అంటే పిల్లర్ల పునాదులు, లోతుకు దించి, అన్నిటినీ నేల మట్టంలో బీములతో కలిపి కట్టాం. వీటి లెక్క నాగపూర్‌లో స్ట్రక్చరల్ ఇంజనీరు చేత చేయించాను. డిప్లొమా చదువు సైటు చూడడానికి చాలుతుంది, గోడల లెక్కకు చాలదు. ఆ ఫీజు దగ్గర బేరమాడవద్దని అందరికీ చెబుతాను.

చిన్న విషయాలు గబగబా. మాల్ జారడం లేదని డ్రమ్ములో బకెట్ నీళ్ళు ఎక్కువ పోయించకండి, అదే కాంక్రీటును బలహీనపరిచేది. వైబ్రేటరు అద్దెకు తెచ్చుకోండి. మే నెల ఎండల్లో పోసిన పిల్లరుకు గోనె పట్టా చుట్టి పది రోజులు తడుపు తప్పకూడదు. బడుల్లో, వరండాల్లో పిల్లర్ల మధ్య సగం ఎత్తు గోడ కట్టి పైన ఖాళీ వదిలితే పిల్లరులో వంగగలిగేది ఆ పై సగమే, అక్కడ ఏటవాలుగా తెగుతుంది. గోడకూ పిల్లరుకూ మధ్య చిన్న ఎడం వదలాలి, లేదా పిల్లరు నిలువునా ఒత్తుగా రింగులు వేయాలి. డాబా మీద ట్యాంకును నడుమ పిల్లర్లున్న చోట పెట్టి గట్టిగా బిగించండి.

ఇప్పటికే పిల్లర్ల మీద కట్టేసుకున్నవాళ్ళు ఏం చెయ్యాలని అడుగుతున్నారు. దారి ఉంది. కింద ఖాళీలో రెండు దిక్కులా, సమానంగా పంచి, కొన్ని గదుల మేర గోడలు నింపుకోవచ్చు. ఆ గోడ కింద పునాది ఉండాలి, ఉన్న గచ్చు మీద లేపితే ఉపయోగం లేదు. పిల్లర్లు సన్నగా ఉంటే వాటి చుట్టూ కొత్త సలాకలు, రింగులు కట్టి, ప్రతి వైపూ కనీసం 100 ఎం.ఎం. కొత్త కాంక్రీటు తొడుగు పోస్తారు. పాత కాంక్రీటును ముందు గీకి గరుకు చేయాలి. కొత్త నిలువు సలాకలు స్లాబుకు తొలిచిన రంధ్రాల గుండా పై అంతస్తులోకి, కింద ఫుటింగులోకి దిగాలి, స్లాబు కింద ఆగిపోతే అది అలంకారమే. ఇది మేస్త్రి ఒక్కడే చేసే పని కాదు, లెక్క వేయించుకునే చేయించండి.

కొత్తగా కట్టేవాళ్ళు మాత్రం పిల్లరుకు కాంక్రీటు పోసే పెట్టె బిగించే ముందు రోజు సాయంత్రం నాకు మూడు ఫొటోలు పంపండి: రింగు కొస దగ్గర నుంచి ఒకటి, బీము పిల్లరు కలిసే ముడి ఒకటి, కింద అడుగున్నర మేర టేపు ఆనించి ఒకటి. చూసి చెప్పడానికి డబ్బులు తీసుకోను. సిరొంచ అయినా, నది అవతల మహదేవపూర్ అయినా సరే.